బాపమ్మ అందుకున్న రూతు పాట

మొన్న మా చెల్లెలి మనుమరాలు ప్రిసిల్ల నిజామాబాద్ నుంచి వచ్చింది. చెప్పులు ఇంకా విప్పనేలేదు, ఫోన్ తెచ్చి నా ముక్కుకు ఆనించింది. వాళ్ల చర్చిలో క్రిస్మస్ కార్యక్రమమట. ఎర్ర దీపాలు, పచ్చ దీపాలు, గుండెలదిరేట్టు డప్పులు, పిల్లలందరూ ఒకే రంగు బట్టలేసుకుని ఏదో సినిమా బాణీలో దేవుణ్ణి స్తుతిస్తూ గెంతుతున్నారు. "ఎట్లుంది అమ్మమ్మా?" అని అడిగింది. చెవులకు ముప్పుగా ఉందన్నాను. దాని మొహం చిన్నబోయింది. "మీ కాలంల అందరు పుస్తకం పట్టుకొని నిలవడి కీర్తనలు పాడెటోళ్లు. గిసొంటియి మీకు నచ్చయిలే" అంది. నన్ను ఎవరేమన్నా పడతాను గానీ, 'మీ కాలం' అని జాలిపడితే మాత్రం ఒళ్లు మండుతుంది. సినిమా బాణీలో దేవుడి పాట కట్టింది మా ఇంట్లో, మా బాపు, నువ్వే కాదు మీ అమ్మ కూడా పుట్టక ముందు, అన్నాను. పిల్ల నమ్మలేదు. నమ్మించడానికి పళ్లెంలో అన్నం చల్లారిపోయేదాకా చెప్పాను. అది బస్సెక్కి వెళ్లాక, చెప్పడం మరిచిపోయినవి కూడా ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

మా ఊరు బోధన్‌కు దగ్గర్లోనే, చెరుకు తోటల మధ్య ఉండేది. మా వైపు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం, బాపును కన్న తల్లిని బాపమ్మ అంటాం. మా బాపమ్మ పేరు లసుమమ్మ. చలికాలం వచ్చి ఫ్యాక్టరీలో గానుగ మొదలైందంటే ఇక మా ఇంట్లో ప్రతి వస్తువూ తియ్యగా, మసిగా ఉండేది. గాలి అటునుంచి వీస్తే మడ్డి వాసన, అంటే చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం వాసన, అన్నం ముద్దలోకి కూడా వచ్చేది. ఆరేసిన బట్టల మీద పొగగొట్టం మసి రాలేది. అవ్వ ఉతికిన చీరనే మళ్లీ ఉతికి, పొగగొట్టం వైపు తిరిగి నాలుగు మాటలు అని, ఆ వెంటనే కళ్లు మూసుకుని ఆ నాలుగు మాటలకూ క్షమాపణ అడుక్కునేది. సాయంత్రం చెరుకు బండ్లు మా ఇంటి ముందు నుంచి బారులు తీరి పోతుంటే పిల్లలం వెనక నుంచి గడలు లాగేవాళ్లం. ఆ పాపానికి మాత్రం ఎవరమూ క్షమాపణ అడిగినట్టు గుర్తులేదు.

బాపు అసలు పేరు రాజన్న. పెళ్లయిన కొత్తలో పెద్ద జబ్బు చేసి, మిషన్ ఆస్పత్రిలో చాలా రోజులుండి, అక్కడ విన్న మాటలు మనసుకు పట్టి, బాప్తిస్మం తీసుకుని యోహాను అయ్యాడు. అవ్వ లక్ష్మి నుంచి శాంతమ్మ అయింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బాపును మా ఊరికే ఉపదేశిగా పెట్టారు. అయ్యగారు నెలకొకసారి నిజామాబాద్ నుంచి వచ్చి ఆరాధన జరిపించేవారు. మిగతా ఆదివారాల ఆరాధన, ఊళ్లో తిరిగి సువార్త చెప్పడం బాపు పని. బాపమ్మ ఇవన్నీ చూసి కుప్పకూలింది. లేచాక, కన్నకొడుకును తప్పుపట్టడానికి మనసు రాక, తప్పంతా కోడలిదేనని తేల్చేసింది. రెండు సందుల అవతల పెద్దకొడుకు ఇంట్లో ఉంటూ, కోడలితో మాట మానేసింది. మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

అయితే మా బర్రె ఆమె పెంచిన బర్రెకు పుట్టింది. దాన్ని పూర్తిగా కోడలికి వదిలెయ్యడానికి బాపమ్మకు మనసొప్పలేదు. రోజూ పొద్దున మా మట్టిగోడ దగ్గరికొచ్చి, గోడ మీద మోచేతులాన్చి, బర్రెతో మాట్లాడేది. "ఏమే బర్రె, దాన పెట్టిందా మీ అవ్వ? పెట్టలే గదా. డొక్కలు సూడు, ఎట్ల లోపటికి పోయినయో. పొల్లకు జరమొచ్చిందట, సొంటి కషాయం పొయ్యమని సెప్పు మీ అవ్వకు." ఆ పొల్లను నేనే. గోడకు ఇవతల అవ్వ పేడ ఎత్తుతూ, తల ఎత్తకుండా, తానూ బర్రెకే జవాబు చెప్పేది. "పోసిన అని సెప్పవే. అత్తమ్మ దగ్గుతున్నది, లోపటికొచ్చి ఇన్ని నీళ్లు తాగుమను." బాపమ్మ ఆ దగ్గుతోనే రెండు సందులు దాటి ఇంటికి పోయి తాగేది. అవ్వ లోపలికొచ్చి పొయ్యి ముందు కూర్చుని కళ్లొత్తుకునేది. ఆమెకు పెద్ద పెద్ద కోరికలేవీ లేవు. అత్తమ్మ తన చేతి చెంబు అందుకుని నీళ్లు తాగాలి, అంతే. దానికోసం రోజూ ప్రార్థన చేసేది. మేం ఆమెన్ అనేవాళ్లం. బర్రె కూడా మధ్యలో అరిచేది.

బాపు తిప్పలు వేరు. ఆయన చెప్పేది వినడానికి ఊళ్లో ఎవరూ నిలబడరు. మా పాటల పుస్తకంలో కీర్తనలన్నీ పెద్ద పెద్ద రాగాలు, పెద్ద పెద్ద మాటలు. బాపు అరుగు మీద నిలబడి వాటిని పాడుతుంటే, చెరుకు కొట్టి వచ్చేవాళ్లు "రాజన్నకు మళ్ల కడుపుల నొప్పి లేసినట్టున్నది" అనుకుంటూ పోయేవాళ్లు. ఆ మనుషులే బోధన్ టూరింగ్ టాకీసులో విన్న పాటను బండి మీద, బావి కాడ, కొడవలి నూరుతూ కమ్మగా పాడేవాళ్లు. ఇది చూసి చూసి బాపు ఒకరోజు సైకిలెక్కి బోధన్ పోయాడు. మా సంఘంలో సినిమా చూడటం కల్లు తాగినంత పాపం. ఆ మాట ప్రతి ఆదివారం చెప్పేవాడు బాపే. తర్వాత అయ్యగారు నిలదీసినప్పుడు ఆయనిచ్చిన జవాబు చెప్పుకుని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం. "సూడలె అయ్యగారు. టిక్కెట్ కొని లోపటికి పోయిన మాట నిజమే. కండ్లు మూసుకొని కూసున్న. ఇన్న, అంతే."

ఆ విన్న బాణీకి ఆయన, యేసు పుట్టిన కబురు విని పరుగెత్తిన గొర్రెల కాపరుల మీద పాట కట్టాడు. అయ్యగారు వచ్చిన ఆదివారం నేను, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పాడాము. మొదటి చరణం దాటేసరికి సంఘపెద్ద దానియేలు తాత కుడికాలు తాళం వేస్తోంది, ఎడమకాలు దాన్ని తొక్కిపట్టింది. అది ఎక్కడి పాటో చర్చిలో అందరికీ తెలుసు. తెలుసని ఎవరూ నోరు తెరవలేరు, తెరిస్తే నీకెట్లా తెలుసని అడుగుతారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా అయ్యగారు ఒక్కరికే నిజంగా తెలియదు. "చాలా బాగుందండీ యోహానుగారూ, ఏ రాగమండీ ఇది?" అన్నారు. బాపు గొంతు సవరించుకున్నాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు ముందు వరుసలో బిడ్డను జోకొడుతున్న అయ్యగారి భార్య, తనకు తెలియకుండానే, చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వేణువు ముక్కను ఎక్కడా తప్పకుండా కూనిరాగం తీసింది. మేము పాడినదాంట్లో ఆ ముక్క లేదు. అది వినాలంటే టాకీసులోనే వినాలి. అయ్యగారు మెల్లగా ఆమె వైపు తిరిగారు.

ఆ సాయంత్రం వాళ్లింట్లో ఏం జరిగిందో మాకు తెలియదు గానీ, సినిమా బాణీలు ఇక వద్దని బాపుకు గట్టిగా చెప్పి వెళ్లారు. చెప్పకపోయినా బాపే మానేసేవాడు. ఊళ్లో ఆ పాట ఎత్తుకోగానే జనం పరుగున వచ్చిన మాట నిజమే. వచ్చి, బాపు రాసిన మాటలు పక్కనబెట్టి, సినిమాలో హీరోయిన్ పాడిన మాటలే అందరూ కలిసి పాడారు. గొర్రెల కాపరులు ఎటుపోయారో కూడా తెలియలేదు.

అవ్వకు చదువు రాదు. వాక్యమంతా చెవితో విన్నదే. విన్నవాటిలో రూతు కథ అంటే ప్రాణం. కరువుకు ఊరొదిలిన నయోమి అనే ఆమె పరాయి దేశంలో మొగుణ్ణి, కొడుకులను పోగొట్టుకుంటుంది. కోడళ్లను తల్లిగారిళ్లకు పొమ్మంటుంది. ఒక కోడలు పోతుంది. రూతు మాత్రం పోదు. నువ్వు పోయే చోటికే వస్తాను, నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడు అని అత్త వెంట నడుస్తుంది. అత్తాకోడళ్ల కథ గనుక అవ్వకు ఎందుకు ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. బతుకమ్మ రోజుల్లో ఊరి ఆడవాళ్లందరూ పూల చుట్టూ తిరిగి ఆడుతుంటే అవ్వ తలుపేసుకుని లోపల కూర్చునేది. సంఘం వద్దంది, మానేసింది. చేతులు మాత్రం మానలేదు. బియ్యం చెరుగుతుంటే చేట మీద మధ్య మధ్య తాళం పడేది. ఆ తాళం, ఆ పాటలు కొత్త కోడలుగా వచ్చినప్పుడు నేర్పింది బాపమ్మే. పాట ఎత్తుకోవడంలో బాపమ్మను మించిన మనిషి చుట్టుపక్కల లేదు. ఒకరోజు చెరుగుతూ చెరుగుతూ అవ్వ రూతు కథను ఆ వరుసలో ఎత్తుకుంది.

"బెత్లహేమను ఊర ఉయ్యాలో, కరువొచ్చి పడ్డదీ ఉయ్యాలో. కడుపు చేతవట్టి ఉయ్యాలో, కదిలె నయోమమ్మ ఉయ్యాలో."

వాకిట్లో సైకిలు తుడుస్తున్న బాపు చేతిలోని గుడ్డ జారింది. "ఇంకోసారి అను" అన్నాడు. అయ్యగారు ఏమంటారోనని అవ్వ భయపడింది. "సినిమ కాదు గదా. ఆయన వద్దన్నది సినిమానే గదా" అన్నాడు బాపు. ఎప్పుడు ఎక్కడ సందు దొరుకుతుందో మా బాపుకు బాగా తెలుసు.

పంట చేతికొచ్చాక మా చర్చిలో కోతపండుగ జరిగేది. వరి మెదల కట్టలు, చెరుకు గడలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు తెచ్చి చర్చి వాకిట్లో కుప్ప పోసేవాళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు గనుక ఊరి జనం కూడా గోడ చుట్టూ చేరేవాళ్లు. ఆ కుప్ప చుట్టూ తిరిగి అవ్వ పాట పాడతామని బాపు అడిగాడు. "వాక్యంలో ఉన్న కథేనా?" అన్నారు అయ్యగారు. అక్షరం పొల్లుపోదన్నాడు బాపు. సరేనన్నారు. సంఘం ఆడవాళ్లం కొద్దిమందిమి. అవ్వ ముందు, నేను అవ్వ వెనక, చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టాం. గోడ అవతల బాపమ్మ కూడా ఉంది. కోడిని కొనడానికి వచ్చానని పక్కామెతో చెబుతోంది. వాళ్లింట్లో కాలు పెట్టడానికి సందులేనన్ని కోళ్లున్నాయి.

కరువు అయింది, ప్రయాణం అయింది, చావులు అయ్యాయి. అత్త కోడళ్లను తల్లిగారిళ్లకు పొమ్మనే చోటికి వచ్చేసరికి అవ్వ గోడ వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. గొంతు పూడుకుపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రాలేదు. మా వైపు ఒక పట్టింపు ఉంది. ఉయ్యాల పాట ఎత్తుకున్నాక మధ్యలో తెగకూడదు. పాడే మనిషి ఆగితే ఇంకొకరు అందుకోవాలి. తెగనిస్తే ఊరి ఆడపిల్లలకు మంచిది కాదంటారు. మాలో అందుకోగలవాళ్లు లేరు. వట్టి చప్పట్లు కొడుతూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకైతే ఏడుపొచ్చింది. అప్పుడు గోడ మీది నుంచి, గంట కొట్టినట్టు, బాపమ్మ గొంతు లేచింది.

"పొమ్మంటె పోవేమె ఉయ్యాలో, నాతోని నీకేంది ఉయ్యాలో."

బాపమ్మకు రూతు ఎవరో, నయోమి ఎవరో తెలియదు. ఇది ఎక్కడి కథో, ఎటు పోతుందో తెలియదు. తెగిపోతున్న పాటను అందుకుంది, అంతే. కథలో అత్త మాట దగ్గర ఆగింది గనుక, అత్త ఏమనాలో ఎవరూ తనకు నేర్పక్కర్లేదనుకుంది. మోకాలెత్తు గోడ దాటి, చీర కుచ్చెళ్లు దోపుకుని, చప్పట్లు కొడుతూ వలయంలోకి వచ్చి, ఇన్నేళ్లుగా బర్రెకు చెప్పినవన్నీ వరసగా పాడింది. "నువ్వొండె కూరల్ల ఉయ్యాలో, ఉప్పేడ ఉంటదీ ఉయ్యాలో. కన్నకొడుకు పాయె ఉయ్యాలో, కండ్లు కాయలు గాసె ఉయ్యాలో." అవ్వకు గొంతు తిరిగొచ్చింది. "ఉప్పు తక్కువైతె ఉయ్యాలో, సెప్పరాదా అత్త ఉయ్యాలో. మాటెందుకాపితివి ఉయ్యాలో, మనసెందుకిరిసితివి ఉయ్యాలో." ఇది విని గోడ అవతలి ఆడవాళ్లు ఆగలేకపోయారు. అత్తలు బాపమ్మ వెనక, కోడళ్లు అవ్వ వెనక చేరారు. కుప్ప చుట్టూ రెండు వరసలు తిరిగాయి. కోళ్లు గోల పెట్టాయి. "ఉప్పు సంగతి గ్రంథంలో ఎక్కడుందండీ?" అని అయ్యగారు బాపు చెవిలో అడిగారు. "వెతుకుదాం అయ్యగారు" అన్నాడు బాపు, తల్లి మీంచి చూపు తిప్పకుండా.

తిరిగి తిరిగి పాట రూతు మాట దగ్గరికొచ్చింది. అక్కడ నాకు చిక్కు తెలిసింది. నాకే కాదు, సంఘంలో అందరికీ విషయం అర్థమైంది. కథలో దేవుణ్ణి నమ్మింది అత్త, ఆ అత్త దేవుణ్ణి తన దేవుడంది కోడలు. మా వాకిట్లో ఎదురుగా ఉన్న అత్త మా బాపమ్మ. నుదుట రూపాయంత బొట్టు, మెడలో ఎల్లమ్మ తాయెత్తు. రూతు అన్న మాట అవ్వ పాడితే ఊరందరి ముందు అత్త దేవుళ్లకు మాటిచ్చినట్టే. పాడకుండా దాటేస్తే వాక్యం తప్పినట్టు. బాపు ఉద్యోగం కూడా ఆ ఒక్క చరణం మీదే ఉంది. అవ్వ అత్త కళ్లలోకి చూస్తూ పాడింది. "నువ్వు పోయే తోవ ఉయ్యాలో, నేను పోయే తోవ ఉయ్యాలో. నీ వాళ్లు నా వాళ్లు ఉయ్యాలో." ఒక్క చప్పట సేపు ఆగింది. "నీ దేవుడే నాకు ఉయ్యాలో, దేవుడై ఉంటడూ ఉయ్యాలో."

అయ్యగారు కుర్చీలోంచి లేచారు. ఇన్నేళ్లు బాపమ్మ కోరుకున్న మాట ఇదే. అది ఊరందరి ఎదుట, కోడలి నోటి నుంచే వచ్చి ఆమె చేతిలో పడింది. పట్టుకుంటే మేము ఓడినట్టే. బాపమ్మ రెండు అడుగులు చప్పట్లు కొడుతూ ఊరికే తిరిగింది. కోడలి మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అందుకుంది.

"నీ దేవుడు నీకాడ ఉయ్యాలో, సల్లంగ ఉండని ఉయ్యాలో. నా దేవుడు నాకాడ ఉయ్యాలో, సల్లంగ ఉండని ఉయ్యాలో. గొంతెండిపాయెనే ఉయ్యాలో, సెంబెడు నీళ్లియ్యి ఉయ్యాలో."

అవ్వ వలయం వదిలి పరుగెత్తింది. మా ఇల్లు చర్చి పక్కనే. బాపమ్మ వెనకాలే వచ్చి మా గడప మీద కూర్చుంది. అవ్వ తొందరకు నీళ్లు సగం నేల మీద పోయాయి. బాపమ్మ మిగతా సగం ఎత్తి గటగటా తాగి, చెంబు దించి, మూతి తుడుచుకుని, కోడలి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడింది. "కుండ ఎన్నడు కడిగినవే? మట్టి వాసనొస్తున్నది." అవ్వ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బాపమ్మకు నచ్చిన వస్తువు ఒక్కటి లేదు. కూర బాగాలేదు, పొయ్యి బాగాలేదు, నా జడ బాగాలేదు. రోజంతా తిట్లే. అవ్వ అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

ఆ చరణం గురించి అయ్యగారు అవ్వను అడగక మానలేదు. "గామె నా అత్త, అయ్యగారు. రూతు అత్తతోని గట్లనే అన్నది. నేను దాటేస్తె దేవునికి తెల్వదా?" అంది అవ్వ. అయ్యగారు టీ అడిగారు. పాట మాత్రం బాపమ్మ వెంట ఊళ్లు తిరిగింది. కూతురి ఊరు మెండోరలో బతుకమ్మ ముందు పాడింది. మోర్తాడ్‌లో మా అవ్వ తల్లిగారి వాళ్ల పసుపు చేలల్లో పాడింది. బాపు సైకిలు టైర్లు అరిగేలా తిరిగినా ఎవరూ వినని కథను, ఒక్క మొక్కు కూడా మానని మా బాపమ్మ ఇల్లిల్లూ చేర్చింది. ఉప్పు చరణంతో సహా.

ప్రిసిల్ల అడిగింది, చివరికి బాపమ్మ మారిందా అని. లేదన్నాను. దానికి కొంచెం నిరుత్సాహం. దాని ఫోన్లో మైకులున్నాయి, దీపాలున్నాయి, వేలమంది చూశారట కూడా. వాళ్లలో ఒక్కరైనా మధ్యలో పాట అందుకున్నారా అని అడిగితే, అదెట్లా అందుకుంటారు అమ్మమ్మా అని నవ్వింది. ఇప్పుడు మా ఊళ్లో గుడికి మైకుంది, చర్చికి మైకుంది, మసీదుకు మైకుంది. చర్చి గోడ నిలువెత్తు కట్టారు, పైన గాజు పెంకులు కూడా పెట్టారు. ఆ గోడ చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. బాపమ్మ ఎక్కడి నుంచి దాటి రావాలి?

ఆమె చివరి రోజులు మా ఇంట్లోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం, అప్పటికి బాగా పెద్దవారైన అయ్యగారు చూడ్డానికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, "ఒక మంచి మాట చెప్పనా లసుమమ్మగారూ?" అని మెల్లగా అడిగారు. బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు అయ్యగారు. ముందు నేను మీకొక కత సెప్త. గా కత మీకు తెల్వదు. ఒక అత్త, ఒక కోడలు." గాలికి కొట్టుకుపోయేంత సన్నటి గొంతుతో ఎత్తుకుంది. కరువు పాడింది, నడక పాడింది, కోడలికి బిడ్డ పుడితే ఒళ్లో వేసుకుని పెంచింది అత్తేనని కూడా పాడింది. అవ్వ మంచం పట్టె పట్టుకుని ఏడుస్తోంది, నాకూ నోట మాట రావడం లేదు. ఉయ్యాలో అనేవాళ్లు లేక పాట తెగేలా ఉంది. అప్పుడు అయ్యగారు, శ్రుతి కలవని గొంతుతో, "ఉయ్యాలో" అన్నారు. బాపమ్మ కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. "వట్టిగ అంటె గాదు అయ్యగారు, సప్పట్లు గొట్టాలె" అంది. ఆయన ఒళ్లోని బైబిలు తీసి మంచం మీద పెట్టి, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.